కాటన్ చున్నీల మీద నా బొమ్మలు వేయిస్తే ఒక్క ఉతుక్కే వెలిసిపోయాయి. ఎక్కడ తేడా వచ్చింది?

కొల్లేటిపిట్ట
మాది కైకలూరు దగ్గర. ఆటపాక వెళ్లి గూడబాతుల్ని, కొంగల్ని చూస్తూ గీయడం చాలా ఏళ్ల అలవాటు. నల్ల ఇంకు పెన్నుతో గీత, లోపల వాటర్ కలర్. చూసినవాళ్లంతా బట్టల మీద వేయించమంటుంటే స్కాన్ చేయించి ఒక ప్రింటింగ్ షాపులో ఇచ్చాను. రెండు చున్నీలు, కొన్ని కుషన్ కవర్లు. "ప్యూర్ కాటన్ అండి, రంగు గ్యారంటీ" అన్నారు. తెచ్చుకున్న రోజు చూస్తే ఎంత బాగున్నాయో చెప్పలేను. చన్నీళ్లలో ఒక్కసారి జాడించేసరికి గూడబాతు మూతికింద సంచి గులాబీ రంగు సగానికి సగం పాలిపోయింది. ఆ సంచి మీద నీలం చుక్కలు పెట్టడానికి సాయంత్రమంతా కూర్చున్నా, అవి అసలు కనపడటం లేదు. నల్ల గీత బూడిద రంగుకి దిగింది. షాపాయన్ని అడిగితే "సర్ఫు వేసుంటారు" అంటున్నారు. నేను సబ్బే ముట్టలేదు.

తేడా బట్టలో ఉందా, రంగులో ఉందా, నా స్కానింగులో ఉందా? నాలుగైదు మీటర్లు మాత్రమే వేసిచ్చేవాళ్లు ఎవరైనా ఉంటారా? తెలిసినవాళ్లు చెప్పండి.

సూదీదారం
మా కస్టమర్ ఒకావిడ పాప గీసిన ఏనుగు బొమ్మతో కుర్తీ వేయించింది. అచ్చం ఇదే కథ. రెండో ఉతుక్కి ఏనుగు మాయం, తొండం మిగిలింది.

వరంగల్_స్క్రీన్‌మాస్టర్
అక్కా, జర మూడు ముచ్చట్లు చెప్పు. బట్ట వెనుక దిక్కు రంగు దిగిందా, తెల్లగనే ఉందా? వేడి ప్రెస్‌ల పెట్టిన్రా? ప్రింటయినంక ఆవిరి పట్టుడు, కడుగుడు ఏమన్న చేసిన్రా?

ఇంకోటి. అంచుకెల్లి నాలుగు పోగులు గుంజి స్టీలు పళ్లెంల పెట్టి కాల్చి చూడు. అసలు నూలైతే మంట పట్టుకొని కాలి, వేలితోటి నలిపితే పొడి అయ్యే బూడిద మిగుల్తది. పాలిస్టర్ అయితే మంట కాడికెల్లి ముడుచుకపోయి, కరిగి, కొసకు నల్లగ గట్టి ఉండ అయితది. చేతుల పట్టుకొని కాల్చకు, కరిగింది చర్మానికి అంటుకుంటే ఊడది.

కొల్లేటిపిట్ట
కాల్చి చూశా. కొంత బూడిద అయింది, కానీ కొసన ఆవగింజంత నల్ల ఉండ మిగిలింది. గోటితో నొక్కినా నలగలేదు. వెనకవైపు దాదాపు తెల్లగానే ఉంది. నా ముందే కాగితం మీద బొమ్మ ప్రింట్ తీసి, బట్ట మీద బోర్లించి, ప్రెస్‌లో పెట్టి నిమిషంలో ఇచ్చేశారు. ఆవిరి, కడగడం అలాంటివేం లేవు.

వరంగల్_స్క్రీన్‌మాస్టర్
అయితే మాట ఖాయం. నీ బట్ట నూలు, పాలిస్టర్ కలిసిన మిక్స్. వాళ్లు ఏసింది సబ్లిమేషన్.

సబ్లిమేషన్ రంగు దగ్గరదగ్గర 200 డిగ్రీల వేడికి నీళ్ల లెక్క కరగది, సీదా ఆవిరైతది. ఆ వేడికే పాలిస్టర్ పోగు లోపట సందిస్తది, ఆ ఆవిరి అండ్లకు పోతది, సల్లారంగనే పోగు మూసుకుంటది. రంగు లోపట్నే ఉండిపోతది, ఎన్ని ఉతుకులైనా పోదు. గందుకే ఆటగాళ్ల జెర్సీలు ఏండ్లు గడిసినా వెలవవు. నూలు పోగుకు ఆ గుణం లేదు. రంగు పైపైన కూసుంటది, నీళ్లు తగలంగనే పోతది. నీ చున్నీల పాలిస్టర్ పోగులు పట్టుకున్న రంగు మిగిలింది, నూలు పోగుల మీదిది పోయింది. సగం పాలిపోయింది అంటున్నవు చూడు, గదే లెక్క. నీ స్కానింగుకు దీనికి సంబంధమే లేదు.

కొల్లేటిపిట్ట
అమ్మయ్య. సర్ఫు వల్ల కాదన్నమాట. మరి ప్యూర్ కాటన్ అని ఎందుకన్నారు?

గోదారి_గట్టు
వాళ్లకీ తెలియకపోవచ్చండి. హోల్‌సేల్లో "కాటన్" అని రాసున్న తాను తెచ్చుకుంటారు, ప్రెస్ ఒక్కటే ఉంటుంది, వచ్చినదల్లా అందులో పెడతారు. మగ్గులకీ అదే, టీషర్టులకీ అదే, చున్నీకీ అదే.

సూదీదారం
తెలియకపోతే తెలియదనాలి. గ్యారంటీ అనకూడదు.

కాటన్_కబుర్లు
నేను ఒక డిజిటల్ ప్రింటింగ్ యూనిట్లో పని చేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తా. బట్టని బట్టి రంగు మారుతుంది. పాలిస్టర్‌కి సబ్లిమేషన్. నూలు, లినెన్, విస్కోస్‌కి రియాక్టివ్. పట్టు, ఉన్నికి యాసిడ్ రంగులు. దేని మీదైనా వేసుకోగలిగేది పిగ్మెంట్.

మీకు కావాల్సింది రియాక్టివ్. ఇది నూలు పోగుతో రసాయనికంగా కలిసిపోతుంది, పూత కాదు. అందుకే ముట్టుకుంటే రంగు ఉన్నట్టే తెలియదు, బట్ట మెత్తగానే ఉంటుంది. కానీ పని ఎక్కువ. ముందు బట్టకి సోడా, యూరియా, చిక్కదనానికి ఆల్జినేట్ కలిపిన ద్రావణం పట్టించి ఆరబెడతారు. తర్వాత ప్రింటు. అప్పుడు చూస్తే రంగులు మట్టికొట్టుకుపోయినట్టు ఉంటాయి, కంగారు పడకండి. ఆవిరి గదిలో 102 డిగ్రీల దగ్గర ఎనిమిది, పది నిమిషాలు ఉంచాక అసలు రంగు బయటికొస్తుంది. ఆ తర్వాత చన్నీళ్లు, వేణ్నీళ్లు, సబ్బు నీళ్లు. పోగుతో కలవని మిగులు రంగంతా అక్కడే పోవాలి. ఈ కడుగుడులో బద్ధకిస్తే మీ ఇంట్లో మొదటి ఉతుక్కి రంగు దిగుతుంది.

షాపుకెళ్తే "రంగు పోతుందా" అని అడగొద్దు, పోదనే చెబుతారు. "ఏ రంగు? స్టీమింగ్ ఎక్కడ చేయిస్తారు?" అని అడగండి. స్టీమింగ్ అనగానే అయోమయంగా చూస్తే నూలు బట్ట అక్కడ ఇవ్వకండి.

రంగులడబ్బా
పిగ్మెంట్‌ని ఒక్క ముక్కలో తేల్చేశారే! నేను కుషన్లు, కర్టెన్లు అన్నీ పిగ్మెంట్‌లోనే వేయిస్తున్నా. ఆవిరి అక్కర్లేదు, నీళ్ల ఖర్చు లేదు, ఎండకి రియాక్టివ్ కంటే ఎక్కువ నిలుస్తుంది. కిటికీ పక్కన కర్టెన్‌కి అదే సరి.

కాటన్_కబుర్లు
కర్టెన్‌కి ఒప్పుకుంటా. చున్నీకి ఒప్పుకోను. పిగ్మెంట్ బైండర్ అనే జిగురుతో పైన అతుక్కుంటుంది, ముదురు రంగు ఎక్కువ ఉన్నచోట బట్ట బిరుసెక్కుతుంది. మెడకి తగిలేది కదా. పైగా 150 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు సరిగ్గా వేడి పట్టించకపోతే రాపిడికి రంగు రాలుతుంది.

రంగులడబ్బా
సరిగ్గా చేయకపోతే రియాక్టివ్ కూడా పోతుందని మీరే పైన రాశారు కదండీ. మంచి యూనిట్ దొరికితే రెండూ మంచివే. ఎవరైనా సరే తడిపిన తెల్ల చేతిరుమాలుతో బొమ్మ మీద గట్టిగా పదిసార్లు రుద్ది చూడండి. రుమాలుకి ఎంత రంగు అంటుకుందో అదే మీకు చేరే జవాబు.

కొల్లేటిపిట్ట
రుద్దాను. రుమాలు గులాబీ అయింది.

టీషర్ట్_తమ్ముడు
అక్కా డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్) ట్రై చేయొచ్చుగా? కాటన్, పాలిస్టర్, నలుపు, తెలుపు ఏదైనా ఓకే. ప్లాస్టిక్ ఫిల్మ్ మీద రంగు, దాని మీద తెల్ల ఇంకు, జిగురు పొడి చల్లి కరిగించి ప్రెస్ చేస్తారు. ఒక్క పీస్ కూడా వేస్తారు. నా టీషర్టులన్నీ అవే.

సూదీదారం
టీషర్ట్ గుండె మీద చేతి వెడల్పంత బొమ్మకి బాగుంటుంది తమ్ముడూ. చున్నీ మొత్తానికి వేస్తే గాలాడదు, కుచ్చు పడదు, మడత పెట్టిన చోట గీత పడుతుంది. ఇస్త్రీ పెట్టె సూటిగా పెడితే అంటుకుంటుంది, తిరగేసే చేయాలి. నల్ల గుడ్డ సంచి మీద తెల్ల కొంగ కావాలంటే మాత్రం నేనూ డీటీఎఫ్‌కే పంపిస్తా. సబ్లిమేషన్‌లో తెల్ల రంగే లేదు.

డల్లాస్_దారప్పోగు
ఇక్కడ మేం స్పూన్‌ఫ్లవర్‌లో వేయించుకుంటాం. 2008లో అమెరికాలోని నార్త్ కరోలినాలో మొదలైంది, ఇంట్లో కూర్చుని బొమ్మ అప్‌లోడ్ చేస్తే గజం బట్ట కూడా ప్రింట్ చేసి పంపిస్తారు. బతుకమ్మకి మా అమ్మాయి గీసిన తంగేడు పూలతో గౌన్ కుట్టించా. వాళ్లడిగేది 150 డీపీఐ, అంటే అంగుళానికి 150 చుక్కలు. 8 అంగుళాల బొమ్మకి 1200 పిక్సెళ్లు చాలు. మనవాళ్లు 300 అంటూ భయపెడతారు, కాగితానికి అది కావాలి గానీ బట్ట నేతలో అంత సన్నగీత ఎలాగూ నిలవదు.

కానీ స్క్రీన్ మీద కనిపించే రంగు బట్ట మీదకి రాదు. మెరిసే నీలం, చిలకాకుపచ్చ బాగా తగ్గుతాయి. అందుకని వాళ్ల దగ్గర రంగుగళ్ల చార్టు బట్ట మీదే అచ్చేసి అమ్ముతారు, దాన్ని పక్కన పెట్టుకుని రంగు నంబరు ఎంచుకుంటా. కొల్లేటిపిట్ట గారూ, మీ యూనిట్ వాళ్లని కూడా అలాంటి గళ్ల ముక్క అడగండి.

బొమ్మల_బాబాయ్
150 చాలన్న మాట పూర్తిగా నిజం కాదమ్మా. వేసే సైజులో 150 చాలు. ఈ అమ్మాయి గీసింది ఎ4 కాగితం మీద, వేయించేది రెండింతలు పెద్దదిగా. కాబట్టి స్కాన్ కనీసం 300, వీలైతే 600లో చేయించాలి. ఫోన్‌తో ఫొటో తీసి పంపేవాళ్లకి దండం.

వాటర్ కలర్‌తో ఇంకో చిక్కుంది, ఎవరూ చెప్పలేదు. కాగితం మన కంటికి తెల్లగా ఉంటుంది, స్కానర్‌కి ఉండదు. లేత బూడిదగానో పసుపుగానో పడుతుంది. స్క్రీన్ మీద తెలియదు. తెల్ల బట్ట మీద ప్రింటయ్యాక బొమ్మ చుట్టూ మురికిపట్టిన చతురస్రం కనపడుతుంది. కాగితం గరుకుతో సహా అచ్చవుతుంది. ఫొటోషాప్ లెవెల్స్‌లోకి వెళ్లి తెల్ల చివరి బాణాన్ని లోపలికి జరుపుతూ, తెల్లభాగం మీద విలువలు మూడూ 255కి చేరేదాకా పోవాలి. మరీ లాగితే రెక్క అంచున నీళ్లలో కరిగిపోయిన లేత రంగు కూడా ఎగిరిపోతుంది. అందుకని నేను పక్షి చుట్టూ చేత్తో మాస్క్ గీసి బయట మాత్రమే తెల్లబరుస్తా. పని విసుగే, కానీ వాటర్ కలర్ అందమంతా ఆ అంచులోనే ఉంది కదా.

ఫైల్ టిఫ్ గానీ పీఎన్‌జీ గానీ ఇవ్వండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపకండి, కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

కొల్లేటిపిట్ట
బాబాయ్ గారూ, ఆ మురికి చతురస్రం నా కుషన్ల మీద ఉంది! ఇస్త్రీ పెట్టె మరక అనుకుంటున్నా ఇన్నాళ్లూ.

సూదీదారం
కుట్టేవాళ్ల వైపు నుంచి ఒక మాట. బొమ్మ ఎటు నిలబడాలో గీసేటప్పుడే చూసుకోండి. చున్నీ పొడవునా పక్షులన్నీ ఒకే దిక్కుకి నిలబెట్టారనుకోండి, వేసుకున్నాక ఒక కొసన సరిగ్గా నిలబడతాయి, రెండో కొసన తలకిందులుగా వేలాడతాయి. రెండు కొసల్లోనూ కాళ్లు అంచు వైపు, తలలు మధ్యకి ఉండాలి. మధ్యలో ఎటు చూసినా ఫరవాలేని తామరాకులో, అలలో పెట్టుకోండి.

చీరకైతే ఇంకా చూసుకోవాలి. ఒంటి చీరలో బొమ్మ కాళ్లు కింది బోర్డర్ వైపు ఉంటాయి. పల్లూ భుజం మీంచి కిందికి జారుతుంది కాబట్టి అక్కడ బొమ్మని పక్కకి తిప్పి, కాళ్లు పల్లూ కొస వైపు పెట్టాలి. డిజైన్ గీసేవాళ్లు బల్ల మీద పరిచి చూస్తారు, కట్టుకున్నాక కొంగలు పడుకుని ఉంటాయి.

గోదారి_గట్టు
కొంగు మీద కొంగలు పడుకుంటే తప్పేంటండీ, పాపం రోజంతా ఒంటికాలి మీద నిలబడే ఉంటాయిగా.

ముగ్గుపిండి
ఆగకుండా వరసగా వచ్చే డిజైన్ కావాలంటే? నేను చుక్కల ముగ్గులు గీస్తా. పక్కపక్కన పెడితే అతుకు గీత కనపడుతోంది.

బొమ్మల_బాబాయ్
బొమ్మని నాలుగు ముక్కలు చేసి మూలలు మధ్యకి, మధ్య భాగం మూలలకి వచ్చేలా మార్చండి. ఫొటోషాప్‌లో ఆఫ్‌సెట్ ఫిల్టర్, విలువలు వెడల్పులో సగం, ఎత్తులో సగం. అతుకులన్నీ ఇప్పుడు నడిమధ్య కనపడతాయి, అక్కడ గీతలు కలిపేయండి. కంప్యూటర్ లేకపోతే కాగితాన్నే కత్తిరించి అటుదిటు టేపు వేసి మధ్య ఖాళీలో గీయండి, ఫలితం అదే. పక్కనున్న నిలువు వరసని సగం కిందికి దించి అమర్చితే గళ్లుగళ్లుగా కనపడదు. మీ చుక్కల ముగ్గుకి ఆ దించడం వద్దు, చుక్కల లెక్క తప్పుతుంది.

పెడన_అచ్చు
ఇంతమంది ఇన్ని మెషిన్లు చెప్పారు. ఆవిడ ఉండేది కైకలూరు, పెడన ఎంత దూరమండీ? చెక్క అచ్చు గురించి ఒక్కరూ అనలేదు.

మా ఇంట్లో మూడు తరాలుగా అద్దకం పనే. మీ గీతల బొమ్మ తెస్తే టేకు చెక్క మీద చెక్కుతారు. గీతకో అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకో అచ్చు. బట్టని కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టి, ఇనుము బెల్లం ఊరబెట్టిన కసిం నీళ్లతో నల్లగీత అద్దుతాం. కరక్కాయకి ఇనుము తగలగానే నలుపు పుడుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక అద్దుతాం, అప్పుడు దాదాపు ఏమీ కనపడదు. పారే నీళ్లలో కడిగి, రాగి గాబులో రంగుతో ఉడకేస్తే పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. నిలవ నీళ్లలో కడిగితే ఊడిన పటిక తెల్లభాగం మీద కూర్చుని అక్కడా ఎర్ర మరక పడుతుంది, అందుకే పారే కాలవే కావాలి.

ఒకసారి అచ్చు చెక్కించుకుంటే ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. ఎప్పుడు నాలుగు మీటర్లు కావాలంటే అప్పుడు నాలుగే వేయించుకోవచ్చు.

కొల్లేటిపిట్ట
పెడన ఆలోచన రాలేదు నిజమే. కానీ నా బొమ్మల్లో వాటర్ కలర్ లేతనుంచి ముదురుకి వెళ్తుంది. అది అచ్చులో వస్తుందా?

పెడన_అచ్చు
రాదు. రాదనే చెప్తా. ఆ షేడింగ్ కావాలంటే మెషినే దిక్కు. కానీ మీ గీత బాగుంటే రెండు రంగుల్లోనే పక్షి లేచి నిలబడుతుంది. అచ్చు కోసం వేరేగా గీయండి, ఉన్నదాన్ని కుదించకండి.

నాకు బాధ ఎక్కడంటే, మా డిజైన్లని ఫొటో తీసి పాలిస్టర్ మీద డిజిటల్‌లో కొట్టి "కలంకారీ" అని రాసి మా ధరలో నాలుగో వంతుకి అమ్ముతున్నారు. మచిలీపట్నం కలంకారీకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది, అయినా బజార్లో అడిగేవాడు లేడు.

టీషర్ట్_తమ్ముడు
అన్నా, అందరూ అంత పెట్టి కొనలేరు కదా. మా అమ్మకి ఆ డిజైన్ ఇష్టం, ప్రింటెడ్ చీర కొనుక్కుంది. అందులో నేరం ఏముంది?

పెడన_అచ్చు
మీ అమ్మగారి మీద నాకేం కోపం లేదు తమ్ముడూ. ప్రింటు అని చెప్పి అమ్మితే కొనుక్కోనీ, ఎవరిష్టం వాళ్లది. చేతి పని అని చెప్పి అమ్మేవాడి మీదే నా కోపం. కొనేవాళ్లు ఒక్క పని చేయండి. బట్ట తిరగేసి చూడండి. మా దాంట్లో రంగు వెనక్కీ దిగుతుంది. అచ్చుకి అచ్చుకి మధ్య వెంట్రుకవాసి తేడా కనపడుతుంది, ఏ రెండు పూలూ ఒకే తీరుగా ఉండవు. మెషిన్‌ది వెనక తెల్లగా ఉంటుంది, ప్రతి పువ్వూ ఒకటే.

కాటన్_కబుర్లు
ఒక్క సవరణ. పల్చటి నూలు మీద రియాక్టివ్ కూడా వెనక్కి కొంత దిగుతుంది. స్క్రీన్ ప్రింటు ఇంకా దిగుతుంది. వెనకవైపు ఒక్కటే చూసి తేల్చకండి. ఆ వెంట్రుకవాసి తేడా చెప్పారే, అదే గట్టి గుర్తు.

పెడన_అచ్చు
ఒప్పుకుంటా.

కాళాస్త్రి_కలం
మా శ్రీకాళహస్తిలో అచ్చు కూడా ఉండదు, అంతా కలమే. గంజి తీసిన బట్టని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఎండేస్తాం. పాలలో కొవ్వు ఉండబట్టి గీత పక్కకి పాకదు. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో ముందు బొమ్మ వేసుకుని, పైన వెదురు కలంతో కసిం గీత. కలానికి చుట్టిన ఉన్నిగుడ్డ ముంచి, వేళ్లతో నొక్కే కొద్దీ రంగు మొనకి దిగతాది. ఎంత నొక్కాలో చెయ్యే చెప్పాల.

కొల్లేటిపిట్ట గారు, మీరు కాగితం మీద గీసేవాళ్లే కదా, బొమ్మని బట్ట మీదకి మోయడం ఎందుకు, బట్ట మీదే గీయండి. 1950ల్లో కమలాదేవి చటోపాధ్యాయ పూనుకుని మా ఊళ్లో శిక్షణ కేంద్రం పెట్టించబట్టే ఈ పని నిలబడింది. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి గారు ఈ ఊరివారే. పురాణ కథలే వేయాలని లేదు, ఇప్పుడు పిల్లకాయలు చెట్లు, పిట్టలు, అన్నీ వేస్తా ఉన్నారు.

కొల్లేటిపిట్ట
మీ పని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుందండి. కానీ ఒక్కో చున్నీ చేత్తో గీస్తే సంతలో అమ్మేంత సరుకు నా ఒక్కదానివల్ల కాదు. ఒక పెద్ద గోడబట్ట మాత్రం అలా వేయాలని ఇప్పుడే కోరిక పుట్టింది. మీరు చెప్పిన పాల సంగతి మళ్లీ అడుగుతాను.

బడిగంట
నేను బళ్లో డ్రాయింగ్ చెప్తా. పిల్లల బొమ్మల్ని గుడ్డ సంచుల మీద వేసి వార్షికోత్సవానికి ఇవ్వాలి. వందకి పైగా కావాలి, డబ్బు తక్కువ. పైన చెప్పినవాటిలో ఏది?

వరంగల్_స్క్రీన్‌మాస్టర్
సారూ, మీకు స్క్రీన్ ప్రింటే. ఒక్క రంగు పెట్టుకోన్రి. స్క్రీన్ ఒక్కటి చేస్తే పదైనా వందైనా దాని ఖర్చు గంతే, సంచులు ఎక్కువైతున్నకొద్ది ఒక్కోదానికి పడే ధర తగ్గుతది. డిజిటల్ల పదో సంచికి ఎంతో వందో సంచికీ గంతే. పదిలోపు అయితే డిజిటల్, దాటితే స్క్రీన్ అని నా లెక్క.

పిల్లలతోటే చేపియ్యొచ్చు. నల్ల స్కెచ్‌పెన్నుతో ట్రేసింగ్ పేపర్ మీద దిట్టంగ గీపియ్యి. చీకటి అర్రల మెష్‌కు, అంటే స్క్రీన్ జాలీకి, ఎమల్షన్ పూసి ఆరబెట్టు. దాని మీద ట్రేసింగ్ పేపరు, పైన అద్దం పెట్టి వెలుగు సూపియ్యి. వెలుగు తగిలిన కాడ గట్టిపడ్తది, నల్ల గీత కింద మెత్తగనే ఉంటది, నీళ్లు కొడితే గక్కడ ఊడిపోయి రంగు దిగే దారి అయితది. బైండర్ కలిపిన నీళ్ల రంగు తీస్కొని రబ్బరు పలకతోటి ఒక్కటే తీరుగ గుంజాలె. నడిమిట్ల చాయ్ తాగనీకి పోయి స్క్రీన్ వదిలేస్తే రంగు ఎండి మెష్ మూసుకపోతది, మల్ల తెరుచుకోదు. ఎండినంక వెనుకకెల్లి ఇస్త్రీ పెట్టు.

బడిగంట
నలభై మంది పిల్లల బొమ్మలూ ఒకే స్క్రీన్లో చిన్నచిన్నగా పెట్టొచ్చా? ఎవరి బొమ్మా వదలకూడదు.

వరంగల్_స్క్రీన్‌మాస్టర్
మస్తుగ పెట్టొచ్చు. గీత మాత్రం పెన్సిల్ మందం కంటే సన్నగ వద్దు, గుడ్డ సంచి నేత గరుకుంటది, తెగిపోతది.

బొంతల_బామ్మ
నేను మనవడి బొమ్మలతో ముక్కల బొంత కుట్టా. ప్రింటు ఇంట్లోనే. ఎ4 స్టిక్కర్ షీట్ మీద గంజి లేని తెల్ల కాటన్ గట్టిగా అతికించి, అంచులు స్కేలుతో సమంగా కోసి, ప్రింటర్‌లోకి వెళ్లే కొసకి టేపు వేసి ఒక్కొక్కటే పెట్టా. పోగు ఒక్కటి వేలాడినా లోపల ఇరుక్కుంటుంది. ఒకరోజు ఆరనిచ్చి షీట్ ఊడదీసి వేడి ఇస్త్రీ చేశా.

ప్రింటర్‌లో పిగ్మెంట్ ఇంకు ఉంటేనే చేయండి. మామూలు డై ఇంకు నీళ్లు తగిలితే పారుతుంది. లేజర్ ప్రింటర్‌లో స్టిక్కర్ మీద బట్ట అసలు పెట్టకండి, లోపలి వేడికి జిగురు కరిగి రోలర్లకి పట్టేస్తుంది.

రంగులడబ్బా
బామ్మగారూ, ఆ బొంత ఫొటో పెట్టాల్సిందే. ఇది మాత్రం మాఫీ లేదు.

నీలిముద్ర
రంగులతో పని లేకపోతే సయనోటైప్ చూడండి. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ నీళ్లలో కలిపి నూలు బట్టకి పూసి చీకట్లో ఆరబెట్టాలి. ప్లాస్టిక్ షీట్ మీద నల్లగా ప్రింట్ తీసిన బొమ్మ పైన పెట్టి మన ఎండలో ఉంచితే చాలు. నీళ్లలో కడిగితే ముదురు నీలం మీద తెల్ల బొమ్మ. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి. సోడా ఉన్న సబ్బుతో ఉతికితే నీలం పసుపు తిరిగిపోతుంది. రోజూ ఉతికేవాటికి వద్దు, గోడకి వేలాడదీసేవాటికి బ్రహ్మాండం.

కోర్టుమెట్లు
రంగుల గురించి అందరూ చెప్పారు. కొల్లేటిపిట్ట గారు అమ్మకానికి దిగుతున్నారు కాబట్టి ఒక చట్టం సంగతి. మీ బొమ్మ మీద కాపీరైట్ మీరు గీసిన క్షణం నుంచే మీది. కానీ 1957 కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్‌గా రిజిస్టర్ చేయించుకోదగ్గదాన్ని చేయించుకోకుండా యంత్రపద్ధతిలో 50కి మించి వస్తువుల మీద వేస్తే, ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. యాభై ఒకటో చున్నీ నుంచి ఎవడైనా కాపీ కొడితే మీ వాదన బలహీనపడుతుంది. అసలు చిత్రపటం హక్కు మీకే ఉంటుంది గానీ, బట్ట మీద వాడకానికి ఆ పరిమితి వర్తిస్తుందని 2009లో మైక్రోఫైబర్స్ కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ చెప్పింది. అదీ సోఫా బట్టల మీది బొమ్మల తగాదాయే.

2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయిస్తే పదేళ్లు, ఆపైన ఇంకో ఐదేళ్లు రక్షణ. షరతేంటంటే దరఖాస్తు పెట్టేనాటికి ఆ డిజైన్ ఎక్కడా బయటపడి ఉండకూడదు.

కొల్లేటిపిట్ట
ఎక్కడా అంటే, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినవి కూడానా?

కోర్టుమెట్లు
అవి కూడానండి. బయటపడినట్టే లెక్క. పెట్టేసినవాటిని వదిలేయండి. ఇకమీదట బాగా అమ్ముడుపోతాయనుకున్న రెండు మూడు డిజైన్లకి ముందు దరఖాస్తు పెట్టి, తర్వాత ఫొటోలు పెట్టండి. అన్నిటికీ చేయించక్కర్లేదు, ఖర్చు.

పెడన_అచ్చు
ఈ ముక్క మా ఊళ్లో కొత్త డిజైన్లు వేసే కుర్రాళ్లకి చెప్పాలి. వాళ్లు చెక్కిన రోజే స్టేటస్‌లో పెట్టేస్తారు.

కొల్లేటిపిట్ట
చాలా రోజుల తర్వాత రాస్తున్నా. కాటన్_కబుర్లు గారు చెప్పిన ప్రశ్నలే అడిగితే రెండు షాపులవాళ్లు ముఖం తిప్పుకున్నారు. ఇంకో యూనిట్ వాళ్లు వాళ్లంతట వాళ్లే స్టీమర్ చూపించారు. ముందు ఒక్క మీటరు నమూనా వేయించా, రంగుగళ్ల ముక్కతో సహా. రుమాలు పరీక్ష నెగ్గింది, సబ్బుతో ఉతికినా సంచి మీద నీలం చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రింటు ముందే బట్ట ఉతికించమని వాళ్లే చెప్పారు, కాటన్ ఐదు శాతం దాకా కుంచించుకుపోతుందట, గుండ్రటి కన్ను కోలగా అవుతుందట. చున్నీలు రియాక్టివ్‌లోనే వేయిస్తా. కుషన్లకి రంగులడబ్బా గారి పిగ్మెంట్ నమూనా కూడా చూస్తా. సంచుల కోసం రెండు రంగుల అచ్చుకి కొత్తగా గీస్తున్నా, వచ్చేవారం పెడన వస్తాను.

పెడన_అచ్చు
రండి. బొమ్మ ఆరంగుళాలు దాటనివ్వకండి, అచ్చు బరువైతే చెయ్యి సమంగా పడదు.

మంగళగిరి_మగ్గం
మా చేనేత నూలు బట్ట మీద రియాక్టివ్ వేయించొచ్చా? ఇక్కడ ఒకాయన పట్టదు అంటున్నారు.

కాటన్_కబుర్లు
పడుతుంది, గంజి పూర్తిగా తీస్తే. పడుగు పోగుకి పెట్టిన గంజి మిగిలితే రంగు గంజిని పట్టుకుంటుంది, పోగుని కాదు. ఉతికి ఆరాక ఒక మూల నీటిచుక్క వేసి చూడండి. వెంటనే ఇంకితే ఇచ్చేయండి, చుక్కగా నిలబడితే ఇంకోసారి ఉడకబెట్టి ఉతకండి. జరీ అంచు ఉంటే స్టీమింగ్‌కి ముందే వాళ్లకి చెప్పండి.

మంగళగిరి_మగ్గం
చుక్క నిలబడింది. ఉడకేస్తున్నా.